చీటీకీ చీటీకీ మధ్య: సెరెబ్రల్ పాల్సీ పిల్లల వైద్యంలో కొనసాగింపు

సెరెబ్రల్ పాల్సీ ఒక్క జబ్బు పేరు కాదు. బిడ్డ గర్భంలో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన తొలి రెండేళ్లలోనో, ఎదుగుతున్న మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలోనూ శరీరాన్ని నిలుపుకోవడంలోనూ శాశ్వతంగా మిగిలిపోయే ఇబ్బందులన్నింటికీ వైద్యులు పెట్టుకున్న ఉమ్మడి పేరు అది. తెలుగులో దీన్ని మస్తిష్క పక్షవాతం అన్నారు గానీ, ఆస్పత్రి వరండాల్లో తల్లులూ థెరపిస్టులూ వాడేది ‘సీపీ’ అన్న పొట్టి మాటనే. ఊళ్లలో మాత్రం కాలు ఈడ్చే బిడ్డ కనిపిస్తే ఇప్పటికీ పోలియో అనేస్తారు. 2014లో దేశం పోలియో రహితమైనా ఆ మాట వాడుక నుంచి పోలేదు. సీపీలో మెదడుకు తగిలిన దెబ్బ కాలంతో పాటు పెరగదు. ఈ మాటను వైద్యుడు ధైర్యం చెప్పడానికే చెబుతాడు, కాని విన్న కుటుంబం ‘ఇక మళ్లీ చూపించవలసిన పని లేదు’ అని అర్థం చేసుకునే ప్రమాదం అందులోనే ఉంది. దెబ్బ పెరగకపోయినా బిడ్డ పెరుగుతుంది. ఎముక పొడవు సాగుతుంది, బిగుసుకుపోయిన కండరం దానితో సమంగా సాగక కీలును ఒక పక్కకు లాగుతుంది, బరువు పెరిగేకొద్దీ మందు మోతాదు చాలకుండా పోతుంది, నిన్నటి బూటు నేటి కాలికి పట్టదు. అందువల్ల ఒకసారి చేసి ముగించగల చికిత్స అంటూ దీనికి లేదు. ఏళ్ల తరబడి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి జారిపోకుండా అందవలసిన చూపు మాత్రమే ఉంది. ఆ చూపు ఎక్కడెక్కడ తెగుతున్నదో, హైదరాబాద్ తూర్పు అంచున ఉన్న అబ్దుల్లాపూర్‌మెట్ ప్రాంతాన్ని ఎదురుగా పెట్టుకొని పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ఈ స్థితిని మొదట వివరంగా వర్ణించినవాడు విలియం జాన్ లిటిల్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు. ఆయన 1861లో లండన్‌లోని ప్రసూతి వైద్యుల సంఘం ముందు, కష్టమైన కాన్పులకూ పిల్లల కాళ్ల బిగువుకూ సంబంధం ఉన్నదని వాదించాడు. చాలాకాలం దీన్ని లిటిల్ వ్యాధి అనే పిలిచారు. మనస్తత్వ విశ్లేషణతో పేరు పొందిన సిగ్మండ్ ఫ్రాయిడ్ అంతకు ముందు నరాల వైద్యుడు. ఆయన 1897లో ఈ విషయం మీద రాస్తూ, కాన్పు కష్టం కావడం కారణం కాకపోవచ్చుననీ, గర్భంలోనే జరిగిన ఏదో పొరపాటుకు అది ఒక లక్షణం కావచ్చుననీ అనుమానించాడు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. నెలలు నిండకముందే పుట్టడం, పుట్టగానే ఏడవకపోవడం, అంటే మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, పుట్టిన కొద్ది రోజుల్లో పచ్చకామెర్లు ముదిరి మెదడు లోపలికి చేరడం, మెదడు పొరల వాపు జ్వరాలు, ఇవన్నీ కారణాలే. వీటిలో చివరి మూడింటి పాలు సంపన్న దేశాల కంటే భారతదేశంలో ఎక్కువ. ప్రపంచంలో సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు ఇద్దరు ముగ్గురికి సీపీ ఉంటుందని లెక్క.

అబ్దుల్లాపూర్‌మెట్ 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు హయత్‌నగర్ నుంచి విడివడి రంగారెడ్డి జిల్లాలో కొత్త మండలమైంది. ఎల్.బి.నగర్ నుంచి విజయవాడ రహదారి పట్టుకొని హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటి ఔటర్ రింగు రోడ్డు కిందుగా వెళితే ఆ ఊరు వస్తుంది. ఒక వైపు ఇంజనీరింగు కాలేజీలు, రామోజీ ఫిల్మ్ సిటీ, ఇంకొక వైపు హద్దురాళ్లు పాతిన వెంచర్లు, వాటి మధ్య పాత పల్లెలు, నల్గొండ మహబూబ్‌నగర్ల వైపు నుంచి పనికి వచ్చి స్థిరపడినవారి కాలనీలు ఇక్కడ కలగలిసి ఉంటాయి. వైద్యం కొనసాగడానికి ఈ భూగోళం చాలా ముఖ్యం. వెంచరు కాపలాకు వచ్చిన కుటుంబం ఆ ప్లాట్లు అమ్ముడైపోగానే ఇంకొక వెంచరుకు మారుతుంది. ఆధార్‌లో చిరునామా సొంత ఊరిదే ఉంటుంది, రేషను కార్డు అక్కడిదే ఉంటుంది, బిడ్డ పేరు మాత్రం ఇక్కడి ఆశా కార్యకర్త రిజిస్టరులోనూ ఉండదు, అక్కడి రిజిస్టరులోనూ మిగలదు. ఏ ఊరి లెక్కలోకీ రాని బిడ్డ ఎవరి బాధ్యతలోకీ రాదు.

తెగడం మొదట జరిగేది నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగం గుమ్మం దగ్గర. పుట్టగానే ఏడవని బిడ్డను అక్కడ పది పదిహేను రోజులుంచి ప్రాణం నిలిపి ఇంటికి పంపుతారు. పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో ఇంగ్లీషు పొడి అక్షరాలతో ‘హెచ్ఐఈ’ అని ఒక మాట ఉంటుంది. ప్రాణవాయువూ రక్తమూ అందక మెదడు దెబ్బతిన్నదని దాని అర్థం. ఆ మూడక్షరాలు ఆ బిడ్డను మరో రెండేళ్లపాటు కంట కనిపెట్టి ఉండాలని చెబుతున్నాయి. కాని ఇంటికి చేరాక ఆ కాగితాన్ని చదవగలిగినవారు లేరు, చదవగలిగినవారి దగ్గరకు ఆ కాగితం చేరదు. ఆశా కార్యకర్త ఇంటికి రావలసిన రోజులు ప్రభుత్వ కార్యక్రమంలో లెక్క ప్రకారమే ఉన్నాయి. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లోనూ, ఆ తరువాత 3, 6, 9, 12, 15 నెలల్లోనూ చూడాలి. బరువు, పాలు, టీకాలు, జ్వరం, వీటితో పాటు మెడ నిలిచిందా, పిడికిలి విచ్చుకుందా అన్న ప్రశ్నలు ఆ సందర్శనల్లో ఎంత గట్టిగా పడితే అంత మేలు.

తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్నలు కొత్తవేమీ కావు. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, మాటలు వస్తే చిలకలు పంచడం ఎదుగుదలను నెలల వారీగా గుర్తుపెట్టుకునే ఒక ఇంటి క్యాలెండరు. పైగా, నలుగు పెట్టి కాళ్ల మీద పడుకోబెట్టుకొని నీళ్లు పోసే పెద్దావిడ చేతులకు తెలిసినంత త్వరగా వైద్యుడి కళ్లకు కూడా తెలియదు. తొడలు విడదీయబోతే కత్తెర వేసినట్టు కాళ్లు ఒకదాని మీదికొకటి బిగుసుకోవడం, మూడో నెల దాటినా బొటనవేలు పిడికిట్లోనే ముడుచుకొని ఉండడం, ఒక చెయ్యి మాత్రమే కదలడం ఆవిడకు మొదట తడతాయి. లోపం ఎక్కడంటే, ఆవిడకు తట్టిన సంగతి చెప్పగానే ‘వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే నడక వచ్చింది’ అన్న సమాధానం సిద్ధంగా ఉండడంలో. అరిసెలు ఆలస్యమైతే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలన్న అలవాటు ఇంకా కుదరలేదు.

పాఠశాలల్లోనూ అంగన్‌వాడీల్లోనూ పిల్లలను పరీక్షించడానికి 2013 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. పుట్టిన నాటి నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పుట్టుక లోపాలు, పోషకాహార లోపాలు, బాల్య వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యం అనే నాలుగు రకాల సమస్యలను గుర్తించడం దాని పని. ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉన్న సంచార బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వెళ్లి, అనుమానం కలిగిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఆలోచన మంచిదే. కాని నడవలేని బిడ్డను ఎత్తుకొని అంగన్‌వాడీకి తెచ్చేవారు లేకపోతే బృందం వచ్చిన రోజున అక్కడ కనిపించేది నడవగలిగిన పిల్లలే. గుర్తించవలసిన బిడ్డ ఇంట్లో నులకమంచం మీద ఉంటుంది.

తొలి ఏళ్లకు ఇంత ప్రాముఖ్యం ఎందుకన్నది 2002లో ప్రచురితమైన ఒక కెనడా అధ్యయనం చూపింది. ఒంటారియోలో 657 మంది సీపీ పిల్లలను ఏళ్ల తరబడి పదే పదే కొలిచి గీసిన ఆ రేఖాచిత్రాల ప్రకారం, కూర్చోవడం, నిలబడడం, నడవడం వంటి పెద్ద కదలికల్లో బిడ్డ చేరగలిగిన స్థాయిలో దాదాపు తొంభై శాతం అయిదేళ్లలోపే, తీవ్రంగా దెబ్బతిన్న పిల్లల్లో మూడేళ్లలోపే చేరిపోతుంది. ఆ కొలతకు ఆధారం 1997లో అదే దేశంలో రూపొందించిన అయిదు అంతస్తుల వర్గీకరణ. ఇబ్బంది లేకుండా నడవగలిగిన బిడ్డ మొదటి స్థాయిలోనూ, కొంత ఇబ్బందితో నడిచే బిడ్డ రెండులోనూ, కర్రో వాకరో పట్టుకొని నడిచేది మూడులోనూ, ఎక్కువగా చక్రాల కుర్చీ మీద ఆధారపడేది నాలుగులోనూ, మెడ నిలపడానికి కూడా ఆసరా కావలసింది అయిదులోనూ ఉంటుంది. దీనివల్ల ప్రయోజనం పెద్దది. నిలోఫర్ ఆస్పత్రిలో వైద్యుడు ‘నాలుగో స్థాయి’ అని రాస్తే హయత్‌నగర్ థెరపిస్టుకూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రం ఉపాధ్యాయినికీ, ఎముకల వైద్యునికీ ఒకే బొమ్మ కళ్లముందు కదులుతుంది. ‘కాళ్లు బలహీనం’ అని రాసిన చీటీ ఆ పని చేయలేదు.

కొనసాగింపు లేకపోతే కలిగే నష్టం తుంటి కీలులో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. పుట్టినప్పుడు సీపీ బిడ్డ తుంటి మామూలుగానే ఉంటుంది. నిలబడి బరువు మోయకపోవడం వల్ల కీలు గిన్నె లోతు పెరగక, లోపలికి లాగే తొడ కండరాల బిగువు వల్ల తొడ ఎముక తల క్రమంగా ఆ గిన్నెలో నుంచి బయటికి జరుగుతుంది. ఈ జరగడానికి చాలా కాలం నొప్పి ఉండదు, ఇంట్లో ఎవరికీ కనిపించదు. నొప్పి మొదలై, డైపరు మార్చడానికి కాళ్లు విడదీయబోతే బిడ్డ ఏడ్చే నాటికి తల సగం బయటికి వచ్చేసి ఉండవచ్చు. 2006లో ప్రచురితమైన ఆస్ట్రేలియా అధ్యయనంలో సీపీ పిల్లల్లో మూడో వంతు మందికి తుంటి పక్కకు జరిగినట్టు తేలింది. మొదటి స్థాయి పిల్లల్లో ఒక్కరికీ ఆ స్థితి లేదు, అయిదో స్థాయి పిల్లల్లో తొంభై శాతానికి ఉంది. కనుక ఎవరిని ఎంత తరచుగా చూడాలో ముందే తెలుసు. స్వీడన్ దక్షిణ ప్రాంతంలో 1994లో మొదలైన కార్యక్రమంలో అలాగే చేశారు. ప్రతి సీపీ బిడ్డ పేరూ ఒక రిజిస్టరులో ఎక్కించి, స్థాయిని బట్టి నిర్ణీత వ్యవధిలో తుంటి ఎక్స్‌రే తీసి, తొడ ఎముక తలలో ఎంత శాతం గిన్నె దాటి బయట ఉందో కొలిచి, మూడో వంతు దాటగానే శస్త్రవైద్యుని దృష్టికి తెచ్చారు. కొన్నేళ్లలో ఆ ప్రాంతపు పిల్లల్లో తుంటి పూర్తిగా తొలగిపోవడం దాదాపు కనుమరుగైంది. వాడిన యంత్రం మామూలు ఎక్స్‌రే యంత్రమే, వనస్థలిపురం ప్రాంతీయ ఆస్పత్రి స్థాయిలో తీయగలిగిందే. తేడా తెచ్చింది రిజిస్టరు. ఎక్స్‌రే తీయవలసిన తేదీ వచ్చినప్పుడు బిడ్డ రాకపోతే, ఎందుకు రాలేదని ఇంటికి కబురు చేసే మనిషి ఒకరున్నారు.

కండరాల బిగువుకు చేసే చికిత్సలోనూ ఇదే సంగతి. బోటులినం టాక్సిన్ సూదిని బిగుసుకున్న పిక్క కండరంలోకి ఇస్తే కొద్ది రోజుల్లో బిగువు సడలుతుంది, మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ మొదటికి వస్తుంది. ఆ మధ్య కాలంలో కండరాన్ని సాగదీసి, కాలికి స్ప్లింటు వేసి, నిలబెట్టి, నడక నేర్పడానికి ఆ సూది ఒక అవకాశం ఇస్తుంది, అంతే. సూది నగరంలో వేయించి, సాగదీసే పని ఇంటి దగ్గర చేసేవారు లేకపోతే, ఖరీదైన ఆ అవకాశం అలాగే గడిచిపోతుంది. ఇక స్ప్లింటు సంగతి ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది గానీ నిజానికి కాదు. పాదానికీ పిక్కకూ ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ప్లాస్టిక్ రేకును వేడి చేసి ఆ అచ్చు మీద ఒత్తి, అంచులు నునుపుగా రుద్ది, మూడు వెల్‌క్రో పట్టీలు బిగించి చేసే ఆ తొడుగు తయారైన రోజున కాలికి అతికినట్టు ఉంటుంది. ఎనిమిది పది నెలల్లో వేళ్లు దాని అంచు దాటి వేలాడతాయి, చీలమండ ఎముక దగ్గర ఎర్రని మచ్చ పడుతుంది. తీసిన అరగంటలో మాయం కాని మచ్చ తొడుగు ఇరుకైందనడానికి గుర్తు. తల్లి మొదట మందమైన మేజోడు వేస్తుంది, తరువాత పై పట్టీ వదులు చేస్తుంది, దారపు పోగులతో నిండి అంటుకోవడం మానేసిన వెల్‌క్రోకు బదులు పాత చున్నీ పీలికతో కడుతుంది, చివరికి దాన్ని అటక మీద పెడుతుంది. అలా అటకెక్కినప్పుడు అడిగేవారు ఉండాలి. వికలాంగులకు సహాయ పరికరాలిచ్చే కేంద్ర పథకం ఏడిప్, సాధారణంగా మూడేళ్లకొకసారి ఇచ్చే పరికరాన్ని పన్నెండేళ్లలోపు పిల్లలకు ఏడాదికే మార్చుకోనిస్తుంది. ఎదిగే కాలు మూడేళ్లు ఆగదని ఆ నిబంధన రాసినవారికి తెలుసు. శిబిరం ఎప్పుడు జరుగుతుందో మాత్రం తల్లికి తెలియదు.

మందుల విషయంలో కొనసాగింపు తెగడం ప్రాణం మీదికి కూడా రావచ్చు. సీపీ పిల్లల్లో చాలామందికి మూర్ఛ ఉంటుంది, ఇళ్లలో దీన్ని ఫిట్స్ అంటారు. మూర్ఛ మందు మోతాదును బిడ్డ బరువును బట్టి, కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగడతారు. పది కిలోల వయసులో రాసిన చీటీనే మందుల షాపులో చూపిస్తూ పదిహేను కిలోల బిడ్డకు అదే సిరప్ అంతే వేస్తుంటే, బాటిల్ ఖాళీ అవుతూనే ఉంటుంది గానీ ఫిట్స్ తిరిగి వస్తాయి. ‘మందు పని చేయడం లేదు’ అని కొందరు మానేస్తారు. మూర్ఛ మందును ఉన్నట్టుండి ఆపడం వల్ల ఫిట్స్ ఆగకుండా రావచ్చు; బిగువు తగ్గించడానికి వాడే బాక్లోఫెన్‌ను హఠాత్తుగా ఆపితే బిగువు రెట్టింపై, ఫిట్స్, గందరగోళం కూడా కలగవచ్చు. అందువల్ల ఈ మందులు ఆపాలంటే క్రమంగా తగ్గిస్తూ రావాలి, పండుగకు ఊరు వెళ్లేటప్పుడు లెక్కకు మించి నాలుగు రోజుల మందు సంచిలో ఉండాలి. తినిపించే పద్ధతి కూడా ఈ కోవలోదే. వెనక్కి వాల్చి నోట్లో అన్నం పెట్టే అలవాటు వల్ల మెతుకులు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, ఏటా చలికాలంలో న్యుమోనియా అని చేర్చే పిల్లలున్నారు. వీపు నిటారుగా ఆనించి, గడ్డం కొద్దిగా కిందికి దించి తినిపించాలని ఒకసారి చూపించి ఊరుకుంటే చాలదు, మెత్తని అన్నం నుంచి గట్టి అన్నానికి మారేటప్పుడు మళ్లీ చూపించాలి.

ఇంతకీ ఈ సమాచారమంతా ఇప్పుడు ఉన్నది ఎక్కడంటే, బట్టల దుకాణం వాళ్లిచ్చిన ఒక ప్లాస్టిక్ కవరులో. దిల్‌సుఖ్‌నగర్ షాపు పేరు ముద్రించిన ఆ కవరులో నవజాత శిశు విభాగం ఇచ్చిన డిశ్చార్జి కాగితం, ఎం.ఆర్.ఐ. ఫిల్ము, ఈఈజీ గీతల కట్ట, మడతల దగ్గర చిరిగిన ఓపీ చీటీలు, అక్షరాలు ఎగిరిపోయి తెల్లబడ్డ బిల్లులు, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు జిరాక్సు ఉంటాయి. కొత్త వైద్యుడి ముందు ఆ కవరును బల్ల మీద గుమ్మరిస్తే, ఓపీలో వేచి ఉన్న వంద మంది మధ్య, ఆయనకు దొరికే అయిదు నిమిషాల్లో నాలుగు పోనూ మిగిలింది ఒక్కటే. అప్పుడు ఆయన చేయగలిగింది మళ్లీ పరీక్షలు రాయడమే. 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, ప్రతి వ్యక్తికీ పద్నాలుగు అంకెల ఆభా సంఖ్య ఇచ్చి, ఏ ఆస్పత్రిలో చూపించినా రికార్డు ఒకచోట చేరేలా చూస్తామంటున్నది. అది నిజంగా కుదిరే వరకు ఒక పేజీ చాలు. బిడ్డ ఏ స్థాయిలో ఉంది, చివరి తుంటి ఎక్స్‌రే తేదీ ఏది, అందులో కొలత ఎంత, ఇప్పటి బరువు, ఆ బరువుకు మందు మోతాదు, స్ప్లింటు ఇచ్చిన నెల, పడని మందులు, ఇవి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉన్న ఒకే పేజీ ఆ కవరులో అన్నిటికన్నా పైన ఉంటే, వైద్యుడు మిగతా నిమిషాల్లో బిడ్డను చూస్తాడు.

సేవలు లేవనడం సరికాదు, దూరంగా ఉన్నాయి. 1953లో మొదలైన నిలోఫర్ ఆస్పత్రి రెడ్‌హిల్స్‌లో ఉంది, నిమ్స్ పంజగుట్టలో ఉంది. 1984లో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, బోయిన్‌పల్లిలో ఉంది. 1977 నుంచి పనిచేస్తున్న స్వీకార్ పునరావాస సంస్థ సికింద్రాబాద్‌లో ఉంది. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి చూస్తే ఇవన్నీ నగరానికి నడుమనో ఆ చివరనో ఉన్నాయి. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చాక లక్డీకాపూల్‌కూ పంజగుట్టకూ దారి సులువైంది, స్టేషన్లలో లిఫ్టులున్నాయి. కష్టం ఎల్.బి.నగర్ దాకా రావడంలోనే. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం, కాబట్టి ప్రయాణ ఖర్చు తగ్గింది. అదే కారణంగా పొద్దున్నే బస్సు నిండిపోతున్నది. ఏడేళ్ల బిడ్డను చంకనెత్తుకొని, బస్సు ఎత్తైన మెట్టు ఎక్కి, సీటు కోసం బతిమాలి, కండరాల బిగువు వల్ల ఒళ్లో నిలవని బిడ్డను గంట సేపు పట్టుకొని వచ్చిన తల్లి, ఇరవై నిమిషాల ఫిజియోథెరపీ కోసం వారానికి మూడుసార్లు ఆ పని చేస్తుందని ఆశించడం అన్యాయం. పదేళ్లు దాటిన బిడ్డ బరువు తల్లి నడుముకు మించిపోతుంది. చికిత్స మానేసినవారి జాబితా వయసు వారీగా వేస్తే ఆ వయసు దగ్గరే గీత కిందికి పడడంలో ఆశ్చర్యం ఉండదు. ‘ఇంట్లోవాళ్లకు శ్రద్ధ లేదు’ అని చీటీ మీద రాసే ముందు ఆ బరువు ఎన్ని కిలోలో రాయడం మంచిది.

ఇంటికి దగ్గరగా ఉన్న ఏర్పాటు ఒకటుంది, దాని విలువ వైద్యవర్గాలకు తగినంత తెలియదు. సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే రిసోర్స్ పర్సన్లు ఉంటారు, నిర్ణీత దినాన ఫిజియోథెరపిస్టు వస్తాడు, కదలలేని పిల్లల ఇంటికి వెళ్లి చదువు చెప్పే పద్ధతి కూడా ఉంది. ఆ ఉపాధ్యాయిని వారం వారం బిడ్డను ముట్టుకొని చూస్తుంది. ఏ నెలలో కాలు ఎక్కువ బిగిసిందో, ఎప్పటి నుంచి చూపు ఒక వైపే పోతున్నదో ఆమెకు తెలుసు. కాని ఆమెది విద్యాశాఖ, ఎక్స్‌రే ఉన్నది ఆరోగ్యశాఖలో, సహాయ పరికరాలు ఇంకొక శాఖ చేతిలో ఉన్నాయి. ఒకే మండల కేంద్రంలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారీ, భవిత ఉపాధ్యాయినీ, అంగన్‌వాడీ సూపర్‌వైజరూ నెలకొకసారి ఒక బల్ల చుట్టూ కూర్చొని, మండలంలోని సీపీ పిల్లల జాబితాను పేరు పేరునా చదువుకుంటే, కొత్త భవనమూ కొత్త పథకమూ లేకుండానే స్వీడన్ రిజిస్టరు చేసిన పనిలో సగం జరుగుతుంది. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. భవిత కేంద్రం బడి క్యాలెండరుతో నడుస్తుంది కనుక వేసవిలో మూతపడుతుంది. బిగుసుకునే కండరానికి ఆ సెలవులు తెలియవు. జూన్‌లో బడి తెరిచేసరికి ఫిబ్రవరిలో నేర్చుకున్న కూర్చునే తీరు పోయి ఉంటుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇదే సంగతి నెలల తరబడి, అన్ని చోట్లా ఒకేసారి జరిగింది. ఆ నెలలోనే దూరవైద్యానికి కేంద్రం మార్గదర్శకాలు ఇవ్వడంతో వీడియోలో తల్లికి వ్యాయామాలు చూపించడం, ఆమె చేస్తుంటే సరిదిద్దడం కొందరు థెరపిస్టులకు అలవాటైంది. ఆ అలవాటు వేసవి సెలవులకు ఇప్పటికీ పనికొస్తుంది.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీకి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి పది లక్షలైంది, కాని అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల చుట్టూ అల్లిన పథకం. సీపీ బిడ్డకు కావలసింది ఎక్కువగా చేరకుండా జరిగే వైద్యం. అందుకు దగ్గరగా వచ్చేది కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ అనే ఆరోగ్య బీమా. లక్ష రూపాయల వరకు ఓపీ ఖర్చులు, థెరపీ కూడా అందులోకి వస్తాయి, ముందస్తు వైద్య పరీక్షలు అవసరం లేదు. దాన్ని ఏటా పునరుద్ధరించుకోవాలి. ఆ సంగతి గుర్తు చేసేవారు లేక చాలా కార్డులు రెండో ఏడే చల్లబడతాయి. 2023లో 4,016 రూపాయలకు పెరిగిన దివ్యాంగుల పింఛను, సర్టిఫికెట్టులో నలభై శాతం వైకల్యం ఉంటేనే వస్తుంది.

పద్దెనిమిదో పుట్టినరోజు దగ్గర మిగిలిన దారాలు కూడా ఒకేసారి తెగుతాయి. బాల స్వాస్థ్య కార్యక్రమం అక్కడ ఆగుతుంది, పిల్లల వైద్యుడు అంతకు ముందే చూడడం మానేస్తాడు, బడి అయిపోతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉచిత విద్యను ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకే హామీ ఇచ్చింది. పెద్దల నరాల వైద్యునికి సీపీ ఉన్న యువకుడు కొత్తగా కనిపిస్తాడు, ఆయన చదువు పక్షవాతం వచ్చిన వృద్ధుల చుట్టూ తిరిగింది. మరో వైపు, మేధో వైకల్యం కూడా ఉన్నవారి విషయంలో శస్త్రచికిత్సకు సంతకం పెట్టే హక్కు తల్లిదండ్రులకు కూడా ఆ రోజుతో చట్టరీత్యా పోతుంది; 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమించాలి. రంగారెడ్డి జిల్లాలో ఆ దరఖాస్తు కొంగర కలాన్ కలెక్టరేటుకు వెళ్లాలి. ఏ ఆస్పత్రిలోనైనా ఈ మాట పదహారో ఏటనే తల్లిదండ్రుల చెవిన వేస్తే, ఆపరేషన్ థియేటరు ముందు ఎవరూ నిలబడిపోవలసిన అవసరం ఉండదు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ల నడుమ కొత్తపేటలో దశాబ్దాల పాటు నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో మూతపడి, అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోని బాటసింగారానికి తరలింది. ఖాళీ అయిన ఆ స్థలంలో వెయ్యి పడకల ప్రభుత్వ ఆస్పత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. మామిడి లారీలు ఇప్పుడు బాటసింగారం వైపు మళ్లుతున్నాయి. ఆ ఆస్పత్రి తెరుచుకున్నాక, అదే రోడ్డు మీద వాటికి ఎదురుగా, బిడ్డను ఒళ్లో, కవరును చేతిలో పెట్టుకున్న తల్లులు కొత్తపేట వైపు వస్తారు. అక్కడి ఓపీ కౌంటరులో చీటీ రాసే గుమాస్తా తలెత్తకుండా వేసే మొదటి ప్రశ్న ఎక్కడైనా ఉండేదే: కొత్త కేసా, పాత కేసా?